కుంకుమ భరిణె మీద మూడు కాలమ్‌ల వార్త

'ప్రలోభపెట్టి' అనే మాట నా ఉద్యోగంలో ఎన్నిసార్లు రాశానో నాకే గుర్తు లేదు. రాసే ముందు ఆ ప్రలోభపడ్డ మనిషి దగ్గరికి వెళ్లి "నీకేమిచ్చారమ్మా?" అని అడిగానా అంటే, ఒకటి రెండుసార్లు తప్ప లేదు.

ముప్పై నాలుగేళ్లు ఒకే దినపత్రికకు విలేకరిగా పనిచేశాను. కోదాడలో మొదలుపెట్టాను, మిర్యాలగూడలో నడివయసు గడిపాను, సూర్యాపేటలో ముగించాను. ఎడమ కాలువ నీళ్లు, హైవే మీద ప్రమాదాలు, మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్ల వరుసలు, ఎన్నికలు. వాటి గురించి నాకంటే బాగా రాసేవాళ్లు ఉన్నారు. నేను ఒక్క సంగతే రాస్తాను. ఒక మామూలు మనిషి తన స్నేహితురాలినో, అన్ననో, వదిననో పిలిచి "మేం నమ్ముకున్న యేసు సంగతి ఒకసారి వినండి" అన్నప్పుడు, దాన్ని మా వృత్తి ఎలా రాసింది, నేను ఎలా రాశాను అన్నది.

నేను క్రైస్తవుణ్ని కాను. మా ఇంట్లో నరసింహస్వామి పటం ఉంది, రోజూ దీపం పెడతారు. ఎవరి మతం తరఫునా రాయడం లేదు. కోపంతో రాస్తున్నాను. ఆ కోపంలో పెద్ద వాటా నా మీదే.

కోదాడలో నేర్చుకున్నది

నాకు పని నేర్పిన పెద్దాయన పేరు రంగారావు. కోదాడ ఆఫీసులో సీనియర్ విలేకరి. చుట్ట కాల్చేవాడు, అరిచేవాడు, మెచ్చుకున్న పాపాన పోలేదు. నేను చేరిన మొదటి ఏడాది, ఒక పల్లెలో మోటారు దొంగతనం జరిగిందని పోలీసులు చెప్పిన పేరుతో సహా వార్త రాసి ఆయన బల్ల మీద పెట్టాను.

"వాళ్లింటికెళ్లావా?" అన్నాడు.

"లేదు సార్. స్టేషన్లో చెప్పారు."

"స్టేషన్లో చెప్తే స్టేషన్ గురించి రాయి. మనిషి గురించి రాసేటప్పుడు మనిషి గడప తొక్కాలి. మంచినీళ్లిస్తే తాగు. ఇవ్వకపోతే అదీ రాసుకో."

కాగితం నా మొహాన కొట్టి మధ్యాహ్నం బస్సుకు తరిమాడు. వెళ్లి చూస్తే, నేను దొంగ అని రాసిన మనిషి కాలికి సిమెంటు కట్టుతో మంచం మీద ఉన్నాడు. కాలు విరిగి నెల దాటింది. ఆయన మోటారు మోసుకుపోవడం కాదు, చెంబు పట్టుకుని పెరట్లోకి పోవడానికే ఇద్దరు పట్టాలి. వాళ్లావిడ మంచినీళ్లు ఇచ్చింది. తాగి, తిరుగు బస్సులోనే ఆ వార్త చించేశాను.

ఆ రోజు నుంచి చాలా ఏళ్లు ఆ మాట తప్పలేదు. మందులు మానేసి ప్రార్థన ఒక్కటే చేసుకోమన్న ఒక బోధకుడి మీద రాశాను. రోగి ఇంట్లో కూర్చుని, డాక్టరు చీటీలు చూసి, బోధకుడి ముందు కూడా కూర్చుని రాశాను. ఆ వార్తలో ఒక్క అక్షరం కూడా ఈ రోజుకీ వెనక్కి తీసుకోను. మాట తప్పింది ఆ తర్వాత, జీతం పెరిగి, కుర్చీ మెత్తబడ్డాక.

మిల్లు దగ్గర అన్నదమ్ములు

మిర్యాలగూడలో మా ఆఫీసుకు దగ్గర్లో ఒక రైస్ మిల్లు ఉండేది. అందులో బస్తాలు మోసే హమాలీల్లో ఇద్దరు అన్నదమ్ములు. అన్న యాదయ్య. తమ్ముడు దానయ్య పెళ్లయ్యాక క్రైస్తవుడై దానియేలు అయ్యాడు. ఇద్దరూ ఒకే గోడకు ఆనుకున్న రెండు గదుల్లో ఉండేవారు. ప్రతి క్రిస్మస్‌కూ తమ్ముడు అన్నను చర్చికి పిలిచేవాడు. అన్న వెళ్లేవాడు.

ఒకసారి మిల్లు ముందు చాయ్ తాగుతూ అడిగాను, "ఏం యాదయ్యా, నువ్వు కూడా కలిసిపోయావా?"

"ఏడ కలుసుడు సారు. ఇరవై ఏండ్ల సంది పిలుస్తుండు. పోతున్న, పాటలింటున్న, బువ్వ తింటున్న, వస్తున్న. ఆ యేసును గాడ అన్యాయంగ సంపిన్రన్న కథ చెప్పినప్పుడు మాత్రం జర పానం అదోలెక్కైతది."

పక్కనున్న దానియేలు నవ్వాడు. "ఇరవై ఏండ్లయినా కూర బాగలేదంటడు గని కథ బాగలేదనడు సారు, మా అన్న."

"కూర బాగలేదు మరి. అబద్ధమాడుమంటవా చర్చిల?"

ఇది నేను చూసిన పిలుపు. పిలిచేవాడికి ఆశ ఉంది, దాచుకోలేదు. వచ్చేవాడికి ఇష్టం ఉన్నంత మేరకు వచ్చాడు. మధ్యలో ఎవరికీ పని లేదు.

తర్వాత ఆ చర్చికి ఎక్కడి నుంచో ఒక ప్రసంగీకుడు వచ్చాడు. ఆ క్రిస్మస్ రోజు యాదయ్యను చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కించి, తల మీద చెయ్యి పెట్టి ఫొటో తీయించాడు. మర్నాడు ఆ ఫొటో పట్టుకుని మా ఆఫీసుకు వచ్చాడు. "ఇరవై ఏళ్లు మొండికేసిన అన్న మనసు మారింది, వార్త వేయండి" అన్నాడు. నేను యాదయ్యను ఎరిగినవాణ్ని కాబట్టి వేయలేదు. ఆయన దాన్ని కరపత్రం మీద అచ్చేసి పంచాడు. ఒకటి మిల్లుకు చేరింది. హమాలీలు యాదయ్యను వారం పాటు "పాస్టరు గారూ, బస్తా దింపున్రి" అని ఆడుకున్నారు.

యాదయ్య తమ్ముడితో ఒక్కటే అన్నాడు. "నన్ను పిలిచింది నువ్వా, ఆ ఫొటోనా?"

దానియేలు ఆ ప్రసంగీకుడి దగ్గరికి వెళ్లి నిలదీశాడు. "నేను పిలిచింది మా అన్నను. నలుగురికి సూపియ్యనీకి గాదు" అన్నాడట. తర్వాత రెండు క్రిస్మస్‌లు యాదయ్య చర్చి గుమ్మం ఎక్కలేదు. తమ్ముడు టిఫిన్ క్యారియర్‌లో అన్నం, కూర పెట్టుకుని గోడ అవతలికి తీసుకెళ్లి ఇచ్చాడు. మూడో ఏడు యాదయ్య తనే వచ్చాడు. వేదికకు దూరంగా, గుమ్మం పక్కన కూర్చున్నాడు.

పిలుపును పంటలాగా కోసుకుని చూపించే బోధకుల మీద నా కోపం ఇది. ఇరవై ఏళ్లుగా ఒక తమ్ముడు నిలబెట్టుకున్నదాన్ని ఒక ఫొటోతో పాడు చేశారు. ఈ కోపాన్ని మీరు జ్ఞాపకం పెట్టుకోండి, ఎందుకంటే నేను చేసింది ఇంతకంటే పాడుపని.

సాయంత్రం నాలుగింటికి వచ్చిన ఫోన్

సూర్యాపేటలో చివరి ఏళ్లు. వాట్సాప్ వచ్చాక పల్లెకు పోకుండానే పల్లె ఫొటో మా బల్ల మీదికి వచ్చేది. ఒక రోజు సాయంత్రం నాలుగింటికి జిల్లా పేజీలో ఒక ప్రకటన రద్దయింది. మూడు కాలమ్‌ల జాగా ఖాళీ. డెస్క్ ఇన్‌ఛార్జి మూర్తి గారు "ఏదో ఒకటి పంపండి" అని రెండుసార్లు ఫోన్ చేశారు. అప్పుడే పాలకీడు మండలంలోని ఒక ఊరి నుంచి శ్రీను అనే మనిషి ఫోన్ చేశాడు. ఒక పార్టీలో చిన్న నాయకుడు. అంతకుముందు రెండు మూడు వార్తలు ఇచ్చాడు.

"సారు, మా ఊర్ల అంగన్‌వాడీ టీచరు ఎస్తేరని ఉంది. ఆడోళ్లకు బొట్టు పెట్టి పిలిచి మతంల కలుపుతున్నది."

"ఎక్కడ?"

"సెంటర్ల."

"ఎంతమందిని?"

"మస్తుమంది సారు."

"ఏమిస్తున్నారు?"

"ఏమిస్తరో ఏమో. మీకు తెల్వదా?"

నాకు తెలియదు. తెలిసినవాడిలా "సరే, ఫొటో పంపు" అన్నాను. ఫొటో వచ్చింది. గోడ మీది నుంచి తీసింది. ఒక వాకిట్లో ఒక స్త్రీ ఇంకొక స్త్రీ నుదుట బొట్టు పెడుతోంది. పెట్టే చెయ్యి టీచర్‌ది. ఆమె నుదుట బొట్టు లేదు. పెట్టించుకుంటున్న ఆవిడ మొహం నవ్వుతోంది. ఆ నవ్వును నేను చూశాను. చూసి కూడా రాశాను.

ఎస్తేరు టీచర్ నంబరు సంపాదించి ఒకసారి ఫోన్ చేశాను. ఎత్తలేదు. "వివరణ కోసం ప్రయత్నించగా ఆమె అందుబాటులోకి రాలేదు" అని రాశాను. "బాధిత మహిళలు ఆవేదన వ్యక్తం చేశారు" అని రాశాను. ఏ మహిళతోనూ మాట్లాడలేదు. "అంగన్‌వాడీ కేంద్రం వేదికగా" అని రాశాను. అరగంటలో ముగించాను. మూర్తి గారు "బొట్టు పెట్టి... బుట్టలో వేసి" అని శీర్షిక పెట్టారు. నాకు నచ్చింది. ఆయనకు ఫోన్ చేసి అభినందించాను కూడా.

పొద్దున్నే ఆ వార్త వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. సాయంత్రానికి టీచర్‌కు షోకాజ్ నోటీసు. విచారణ తేలేదాకా కేంద్రం తాళాలు ఆయాకు అప్పగించమన్నారు. మూడేళ్లు నిండిన పిల్లలకు అక్షరాల కంటే ముందు చెయ్యి కడుక్కోవడం, గుడ్డు ఒలుచుకుని తినడం నేర్పిన మనిషి ఆమె. ఇద్దరు ముగ్గురు తల్లులు "టీచరు లేకపోతే మా పిల్లలు ఉండరు" అని పంపడం మానేశారు. ఇంకొందరు, వార్త చదివినవాళ్లు, టీచరు తిరిగి వస్తే పంపేది లేదన్నారు. పద్దెనిమిదేళ్ల ఉద్యోగం. అటో ఇటో తేల్చేది నేను అరగంటలో రాసిన కాగితం.

ఇవేవీ నాకు అప్పుడు తెలియవు. వార్త పడ్డాక ఏమైందో చూసే అలవాటు మాకు లేదు.

'బాధితురాలు' ఫోన్ చేసింది

పన్నెండో రోజున ఆఫీసుకు ఒక ఫోన్ వచ్చింది. నా పేరు అడిగి, నేనేనని చెప్పాక ఒక ఆడగొంతు ఇలా అంది.

"నా పేరు పద్మ. మీ పేపర్ల ఫొటోల ఉన్నది నేనే. నేను బాధితురాలినంట గదా సారు. నన్ను ఎప్పుడు సూసిన్రు? ఏడ ఏడ్చిన నేను?"

ఏదో గొణిగాను. ఆమె నన్ను గొణగనివ్వలేదు.

"ఒక్కసారి మా ఊరికి రాన్రి. ఇల్లు సూడున్రి. అటెన్క మీ ఇష్టమున్నట్టు రాసుకోన్రి."

మర్నాడు ఆదివారం. నేరేడుచర్ల దాకా బస్సు, అక్కడి నుంచి షేర్ ఆటో. నాట్లు నడుస్తున్నాయి. ఆటోలో ఆడవాళ్లందరి కాళ్లకూ బురద. పద్మ వాళ్లది సాగు కుటుంబం, కాలువ కింద పొలం. వాకిట్లో కుర్చీ వేసి మంచినీళ్లు ఇచ్చింది. నాకు కోదాడ పెద్దాయన గుర్తొచ్చాడు. గడప తొక్కాను, వార్త పడ్డ పదమూడు రోజులకు.

పద్మ లోపలికి వెళ్లి ఇత్తడి కుంకుమ భరిణె తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇగో సారు, ఆమె నన్ను బుట్టల ఏసిన కుంకుమ. ఇది మా అత్తది. ఈ ఇంట్లదే."

సంగతి ఇది. ఎస్తేరూ పద్మా పక్కపక్క వీధుల్లో ఉంటారు. ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు. ఎస్తేరుకు మిర్యాలగూడ దవాఖానలో ఆపరేషన్ అయితే తోడు పడుకున్నది పద్మ. కోలుకున్నాక ఎస్తేరు తన ఇంట్లో దేవుడికి కృతజ్ఞత చెప్పుకునే ప్రార్థన కూటం పెట్టుకుంది. తర్వాత నాలుగు ఆదివారాలు, సాయంత్రం పూట, బైబిల్లోని మార్కు సువార్త మొదటి నుంచి చివరిదాకా అందరి ముందూ చదువుతానంది. తన సొంత అక్కను, పిన్ని కొడుకును, పద్మను, ఇంకో ఇద్దరు ముగ్గురిని పిలిచింది. వాళ్లెవరూ క్రైస్తవులు కారు.

"ఏమని పిలిచింది?" అని అడిగాను.

"'వదినా, దవాఖానల నా పక్కన పన్నవ్. నన్నేది నిలబెట్టిందో నీకు జెప్పకపోతే నాకు మంచిగనిపిస్తలేదు. ఒచ్చి ఇను. అడగాలనుకున్నది అడుగు. నచ్చకుంటే ఛాయ్ తాగి పో' అన్నది. గంతే."

"మరి బొట్టు?"

"అది నేను పెట్టుమన్న. ఆమె వాకిట్ల నిలబడి నోటితోని పిలిచి పోతుంటే నేనే తిట్టిన. 'గిట్లనేనా పిలిచేది, ఉప్పు బదులడగనీకి ఒచ్చినట్టు' అన్న. మా ఊర్ల ముత్తైదువను బొట్టు పెట్టకుంట పిలిస్తే పిలిచినట్టా సారు? ఆమె జర ఎనకముందాడింది. 'నేను పెట్టుకోను గద వదినా' అన్నది. 'నువ్వు పెట్టుకోకు. నాకు పెట్టు' అని భరిణె తెచ్చిచ్చిన. నవ్వుకుంట పెట్టింది."

అప్పుడే శ్రీను వచ్చాడు. నన్ను చూసి తలుపు దగ్గరే ఆగిపోయాడు. అతను పద్మ మరిది అని నాకు అప్పుడే తెలిసింది. తన సొంత వదిన ఫొటోనే గోడ మీది నుంచి తీసి పంపాడు.

"సెంటర్లో అని ఎందుకు చెప్పావయ్యా?" అన్నాను.

అతను పద్మ వైపు చూస్తూ నాకు జవాబు చెప్పాడు. "ఇంట్ల అంటె మీరు ఏయరు గద సారు. నాదీ భయమే. వదిన అటు పోతె రేపు మా ఇంట్ల బోనం ఎవరు జేస్తరు, మా అమ్మకెవరు జెప్తరు అని."

పద్మ గొంతు పెంచలేదు. "పిలుపు నాకొచ్చింది. భయం నీకొచ్చింది. అడుగుడేమో పేపరోళ్లను అడిగినవ్. ఇంట్ల కూసున్న నన్నడగకపోతివి. నేనేమన్న బర్రెనా శీనూ, ఎవరన్న తాడు పట్టుకుంటె ఎనక పోనీకి?"

ఆ మాట మా ఇద్దరికీ తగిలింది.

అక్కడి నుంచి ఎస్తేరు ఇంటికి వెళ్లాను. అంగన్‌వాడీ కేంద్రం ఊరి ఇంకో కొసన, బడి పక్కన ఉంది. టీచర్ ఇంటికీ దానికీ మధ్య ఊరంతా ఉంది. ఆ దూరం నేను నడిచాను. పది నిమిషాలు పట్టింది. పది నిమిషాల నడకతో ఆ వార్త చచ్చిపోయేది.

ఎస్తేరు టీచర్ నన్ను తిట్టలేదు. అది నాకు ఇంకా కష్టమనిపించింది. స్టూలు తుడిచి వేసింది.

"నేను ఫోన్ చేశాను, మీరు ఎత్తలేదు" అన్నాను. నా దగ్గర మిగిలిన ఒకే ఒక్క సమర్థన అది.

"అవును సారు. గప్పుడు ఇంకా సెంటర్ల ఉన్న, తల్లులకు ఇంటికిచ్చే గుడ్లు లెక్కవెడుతున్న. కొత్త నంబరుంది, అవసరమున్నోళ్లు మళ్ల జేస్తరనుకున్న" అంది.

రెండు లైన్ల సవరణ

ఆ రాత్రే మూర్తి గారికి అంతా చెప్పాను. అదే జాగాలో, అదే సైజులో సవరణ వేద్దామన్నాను. ఆయన చెడ్డవాడు కాదు. ముప్పై ఏళ్లుగా పేజీలు నింపుతున్న మనిషి.

"వేస్తే రేపటి నుంచి ప్రతివాడూ సవరణ కావాలని వస్తాడు. అయినా ఆమె ప్రచారం చేసింది నిజమే కదా?"

"ఆమె స్నేహితురాలిని ఇంటికి పిలిచింది."

"అదే ప్రచారం."

"అయితే నిన్న మనం మొదటి పేజీలో వేసిన ఫొటో ఏంటి సార్? రెండు వందల మందికి పార్టీ కండువాలు కప్పారు. దాన్ని 'భారీగా చేరికలు' అన్నాం. అక్కడ ఎవరైనా ఏమైనా ఇచ్చారా అని అడిగామా?"

ఆయన నవ్వి ఫోన్ పెట్టేశారు. మూడు రోజులకు లోపలి పేజీలో, టెండరు ప్రకటన కింద రెండు లైన్లు పడ్డాయి. "సదరు కూటం అంగన్‌వాడీ కేంద్రంలో జరగలేదని టీచర్ ఎస్తేరు తెలిపారు." తెలిపారట. నా కళ్లతో చూసి, నా కాళ్లతో నడిచి నిర్ధారించుకున్న నిజాన్ని ఆమె నోట్లో పెట్టి, ఆమె వాదనగా మార్చారు. అబద్ధం రాసినప్పుడు మేమే సాక్షులం. నిజం రాయాల్సి వచ్చేసరికి ఆమె 'తెలిపారు'. ఈ ఒక్క క్రియాపదం మీద నాకున్న కోపం ఇన్నేళ్లయినా చల్లారలేదు.

టీచర్ మీద విచారణ చేస్తున్న ఆఫీసు ఫైల్లో పిన్ను పెట్టి ఉన్నది మొదటి వార్త మాత్రమే. రెండు లైన్లను ఎవరు కత్తిరించుకుంటారు? విచారణ రోజున నేనే వెళ్లాను. అధికారిణి నా వార్త కటింగ్ తిప్పి నా ముందు పెట్టింది.

"ఇది మీరే రాసిన్రు కదా?"

"నేనే రాశాను. చూడకుండా రాశాను."

"అట్లని రాసిస్తరా?"

రాసి సంతకం చేసి ఇచ్చాను. పద్మ కూడా వచ్చింది, నుదుట రూపాయంత బొట్టుతో. "నాకేమిచ్చిందని అడగున్రి మేడం. ఛాయ్ ఇచ్చింది. షక్కరి తక్కువైంది" అంది. మూడో నెలలో టీచర్‌కు తాళాలు తిరిగి వచ్చాయి. పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. ఇద్దరి తల్లులు మాత్రం ఆ ఏడాదంతా పంపలేదు.

సంగతి అక్కడితో అయిపోలేదు. ఎస్తేరు వెళ్లే చర్చి నేరేడుచర్లలో. అక్కడి పాస్టర్ గారు నా వార్త ఫొటో చూసి, కుంకుమ ముట్టిందని ఆమెను మందలించారు. రెండు నెలలు ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధనకు, దూరంగా ఉండమన్నారు. నేను వెళ్లి ఆయనతో వాదించాను. "మా సంఘం క్రమం మీకు తెలియదు" అన్నారాయన మర్యాదగా. నిజమే, నాకు తెలియదు. కానీ స్నేహితురాలి మర్యాద కాపాడిన చేతిని అటు ఊరూ ఇటు సంఘమూ ఒకే ఫొటో పట్టుకుని శిక్షించాయి. ఆ ఫొటో అచ్చేసింది నేను. ఆ రెండు నెలలూ ఆమె చర్చిలో చివరి చాప మీద కూర్చుందని పద్మ చెప్పింది.

నాలుగు ఆదివారాల చదువు మొదటి ఆదివారంతోనే, నా వార్త పడ్డాక, ఆగిపోయింది.

కొత్తగా వచ్చేవాళ్లకు

మీకు నీతులు చెప్పే అర్హత నాకు లేదు. పని గురించి మాత్రం చెప్పగలను. ఫొటోలో నవ్వుతున్న మనిషిని బాధితురాలు అని రాయకండి. ఒక్కసారి ఫోన్ చేసి 'అందుబాటులోకి రాలేదు' అని రాయకండి. అవతలి మనిషి పనిలో ఉండవచ్చు. మళ్లీ చేయండి. ఊరికి వెళ్లండి. మీ దగ్గర బండి ఉంది, మాకు బస్సు ఉండేది, అంతే తేడా.

మతం మాట వస్తే మీకు పైనుంచి ఫోన్లు వస్తాయి. ఒకవైపు నుంచి 'మోసం' అని రాయమంటారు, ఇంకోవైపు నుంచి 'వేలాదిగా' అని రాయమంటారు. ఇద్దరికీ కావలసింది మనుషుల సంఖ్యే. పిలిచినవాళ్లనూ, పిలిపించుకున్నవాళ్లనూ అడగండి. బెదిరింపు ఉంటే, రోగి మందు మాన్పిస్తే, నిర్దాక్షిణ్యంగా రాయండి. ఏమీ లేనప్పుడు, ఒక మనిషి తనకు అన్నిటికంటే విలువైనదనుకున్నదాన్ని తన వాళ్లకు చెప్పుకోవాలనుకుంటే, అది వార్త కాదు. దాన్ని ఒప్పుకోవడం, కాదనడం వాళ్ల పని. పద్మలాంటి మనిషికి తన బుర్రతో తాను వినే హక్కు లేదన్నట్టు రాశాను నేను. టీచర్‌కు చేసిన అన్యాయం కంటే ఇది చిన్నదేమీ కాదు.

గేటు దగ్గర

రిటైరయ్యాక సూర్యాపేటలోనే ఉంటున్నాను. పోయిన నెల ఒక సాయంత్రం గేటు చప్పుడైతే చూశాను. ఎస్తేరు టీచర్. జుట్టు సగం నెరిసింది. లోపలికి రమ్మన్నా రాలేదు, గేటు దగ్గరే నిలబడింది.

"పిలువనీకి ఒచ్చిన అన్నా. గా నాలుగాదివారాలు అప్పట్ల ఆగిపాయె గద. మళ్ల పెట్టుకుంటున్న, మా ఇంట్లనే. పద్మ వదిన పట్టువట్టింది, ఆమె అడగాల్సినయి మస్తున్నయంట. మీ ఇంట్ల వదినను తీస్కొని రాన్రి. ఇని, నచ్చకుంటె ఛాయ్ తాగి పోన్రి."

మా ఆవిడ సుగుణ ఈ కథంతా ఎరిగినదే. వినగానే లోపలికి వెళ్లి దేవుడి గూట్లోంచి కుంకుమ భరిణె తెచ్చింది. "ఇంత దూరం ఒచ్చినవ్, మంచిగ పిలువమ్మా" అని మూత తీసి ముందుకు చాపింది.

టీచర్ చెయ్యి కొంచెం లేచింది. లేచి ఆగింది. ఆమె తల తిప్పి ముందు వీధి ఆ కొస నుంచి ఈ కొసదాకా చూసింది. తర్వాత ఎదురింటి గోడ మీదికి చూసింది.

"ఒద్దొదినా. నోటితోనే పిలుస్త. ఏమనుకోకు" అంది.

సుగుణ తన వేలితో తనే కుంకుమ తీసి నుదుట పెట్టుకుంది. "నువ్వు పెట్టినట్టే. వస్తం పో" అంది.

టీచర్ నవ్వింది. గేటు దాటుతూ మళ్లీ ఒకసారి అటూ ఇటూ చూసుకుంది. వీధిలో ఎవరూ లేరు. అయినా చూసుకుంది.